పూజకు రాని డబ్బా

కరోనా వెనక్కి తగ్గి, కంపెనీలన్నీ మళ్లీ మూడు షిఫ్టులూ నడపడం మొదలుపెట్టిన ఏడాది అది. పటాన్‌చెరు దగ్గర, మందులకు ముడిసరుకు తయారుచేసే ఒక కంపెనీలో నేను అప్పటికే బ్యాకప్ అటెండర్‌ని. ఈ మాట చెబితే మా చిట్కుల్‌లో ఇప్పటికీ చాలామందికి అర్థం కాదు. "ఇన్వర్టర్ల పనా సత్తెమ్మా, బ్యాటరీలల్ల నీళ్లు పోస్తవా?" అని అడుగుతారు. కాదని చెప్పడానికి నాకు ఒక పూట పడుతుంది. ఆ పూట ఇక్కడ కాస్త తీసుకుంటాను, ఎందుకంటే పని అర్థమైతేనే ఆ దసరా నాడు మాకేం జరిగిందో అర్థమవుతుంది.

కంపెనీలో ఏ మిషన్ ఏ వేడి మీద నడిచింది, ఏ మందును పరీక్షిస్తే ఎంత వచ్చింది, అన్నీ కంప్యూటర్లే రాసుకుంటాయి. ఆ రాతలన్నీ వచ్చి చేరే పెద్ద కంప్యూటర్లను సర్వర్లు అంటారు. బీరువాలాంటి ఇనుప రాక్‌లో అరలు అరలుగా ఉంటాయి. అవి వేడెక్కకుండా గదికి ఎప్పుడూ ఏసీ ఉంటుంది, ఎండాకాలంలోనూ అక్కడ స్వెటర్ వేసుకోవాలి. సర్వర్ పాడైతే అందులోని రాతలు కూడా పోతాయి కాబట్టి, వాటికి నకలు తీసి పెట్టాలి. ఆ నకలే బ్యాకప్. మా దగ్గర నకలు టేపు మీదికి తీసేవాళ్లం. పాతకాలం పాటల క్యాసెట్ లాంటిదే, కొంచెం మందం. నల్లటి ప్లాస్టిక్ డబ్బాలో రీలు ఉంటుంది. దాన్ని కార్ట్రిడ్జ్ అంటారు, మేం డబ్బా అనే అంటాం. డ్రైవ్ అనే మిషన్లో డబ్బా పెట్టడం, నిండాక తీయడం, దాని మీద చీటీ రాసి అంటించడం, భద్రపరచడం నా పని.

అదే కంపెనీలో మొదట ఊడ్చే పనికి చేరాను. అక్షరాలు నాకు నలభై దాటాక వచ్చాయి, సాయంత్రాలు మా వాడలో ఆడవాళ్లకు నడిపిన తరగతిలో. తెలుగు అయ్యాక అంకెలు, ఇంగ్లిషు అక్షరాలు కూడా పట్టుబడ్డాయి. అప్పుడు ప్రసాదరావు సారు నన్ను సర్వర్ గదిలోకి తీసుకున్నారు. ఆయన మా ఐటీ విభాగానికి పెద్ద. వాళ్ల నాన్నగారు కృష్ణా జిల్లా నుంచి ఇక్కడి ప్రభుత్వ కర్మాగారంలో ఉద్యోగానికి వచ్చి రామచంద్రాపురంలో స్థిరపడ్డారు. సారు ఇక్కడే పుట్టి పెరిగినా ఇంటి మాట మారలేదు. నన్ను 'సత్తెమ్మగారూ' అంటారు. ఊడ్చేటప్పుడు కూడా అలాగే అనేవారు.

మొదటిరోజు ఆయన ఒకటే నియమం చెప్పారు. రెండు నకళ్లు తీస్తాం, ఒకటి ఇక్కడి సేఫ్‌లో, రెండోది ఈ గోడల బయట, దూరంగా. రెండూ ఒక్కచోట ఉండకూడదు. ఇక్కడ ఏం జరిగినా అది అక్కడికి చేరకూడదు. దానికి ఆఫ్‌సైట్ కాపీ అని పేరు. నాకది కొత్తగా అనిపించలేదు. మా అమ్మ విత్తనపు జొన్నలు సగమే ఇంట్లో దాచేది, మిగతా సగం మా మేనమామ ఇంట్లో పెట్టించేది. ఎలుకలు పడితే ఒకచోటే పడతాయి కదా అనేది. ఆ మాట సారుకు చెబితే, "అంతేనండి, మనం చేసేదీ విత్తనాలు దాచడమే" అన్నారు.

మా మేనమామ ఇల్లు లాంటి చోటు కందిలో ఉంది. హైవేకి కొంచెం లోపలికి, పొలాల పక్కన కంపెనీకి ఒక గోడౌన్ ఉంది. ప్రతి శనివారం, మొదటి నుంచి ఆనాటి దాకా రాతలన్నీ ఎక్కిన ఒక డబ్బాను వ్యాన్‌లో తీసుకెళ్లి అక్కడి ఇనుప బీరువాలో పెట్టి, పాతబడినదాన్ని తిరిగి తెచ్చుకునేదాన్ని. గోడౌన్ చూసుకునే యాదగిరి, గోడౌన్ వెనక రేకుల గదిలో భార్యతో ఉండేవాడు. నాకు యాదన్న. నేనాయనకు చెల్లెను. డబ్బాలో ఏముందని ఆయన ఒక్కసారీ అడగలేదు. 'పసిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకుంటవ్ చెల్లె' అని మాత్రం ఎగతాళి చేసేవాడు.

ఇప్పుడు శారద మేడం గురించి చెప్పాలి. మందు ఎన్నాళ్లు నిలవ ఉంటుందో తేల్చే ల్యాబ్ ఆమెది. దాన్ని స్టెబిలిటీ ల్యాబ్ అంటారు. మందు సీసా మీద ఎక్స్‌పైరీ తేదీ వేస్తారే, ఆ తేదీ ఎవరో ఊహించి వేసేది కాదు. మందును ఛాంబర్ అనే పెట్టెలో, ఒకే వేడిలో, ఒకే తేమలో ఏళ్ల తరబడి ఉంచుతారు. కొన్ని నెలలకోసారి కొంచెం తీసి పరీక్షిస్తారు. మూడేళ్లు నిలుస్తుందని చెప్పాలంటే మూడేళ్లు ఆగి చూడాల్సిందే. అప్పుడు మేడం చేతిలో ఉన్నది మూర్ఛకు వాడే మందు. దాని మూడేళ్ల పరీక్ష చివరికొచ్చింది. ఆ లెక్కలు చూపిస్తేనే విదేశాల్లో మందు కొంటారు. కొంటేనే మా కొత్త బ్లాకు నడుస్తుంది. ఆ బ్లాకులో చిట్కుల్, ఇస్నాపూర్ పిల్లలు ఎందరో కొత్తగా పనిలో చేరారు. మా చెల్లి కోడలు కూడా.

కాగితాల మీద రిపోర్టులు లేవా అంటే ఉన్నాయి. కానీ కొనేవాళ్లు కాగితాన్ని నమ్మరు, మిషన్ తనంతట తాను రాసుకున్న అసలు లెక్కే చూపమంటారు. అది సర్వర్‌లో ఉంది, నకలు నా డబ్బాల్లో ఉంది.

ఇక దసరా సంగతి. మా వైపు ఏ కంపెనీలోనైనా ఆయుధపూజ చేయకుండా ఉండరు. బాయిలర్ దగ్గర నుంచి క్యాంటీన్ గ్రైండర్ దాకా అన్నిటికీ పసుపు కుంకుమ, బంతిపూల దండ, గుమ్మడికాయ. సర్వర్ గదిలో కూడా చిన్న పీట వేసి, నిప్పు వద్దు కాబట్టి బ్యాటరీ దీపం పెట్టి, రాక్‌కి బొట్టు పెట్టేవాళ్లం. కరోనా వల్ల రెండేళ్లు ఆ పూజ సరిగ్గా జరగలేదు. ఆ రెండేళ్లలో మా విభాగంలోనే ఒకరిని పోగొట్టుకున్నాం. అందుకే ఆ ఏడు అందరికీ బాగా చేయాలని ఉంది. టీ తాగుతూ మాట్లాడుకుంటుంటే ఆ ఆలోచన వచ్చింది. ఎవరి నోట మొదట వచ్చిందో ఇప్పుడు ఎవరం గట్టిగా చెప్పలేం. ఆయుధపూజ అంటే ఆయుధాలన్నీ ఒకచోట చేరాలి కదా, మన అసలు ఆయుధాలు కందిలో ఉన్నాయి కదా, వాటికి ఏనాడూ ఒక బొట్టయినా పెట్టలేదు కదా అని. సారు తలూపారు. మేడం మంచి మాట అన్నారు. నాకైతే కడుపు నిండినట్టయింది. ఇన్నేళ్లుగా చీకటి బీరువాలో పడి ఉన్నవాటికి ఒక్కరోజు పూలు పెడతామంటే ఎవరు కాదంటారు?

నవమి నాడు పొద్దున వ్యాన్‌లో కందికి పోయాను. యాదన్న గేటు బయట, దూరంగా నిలబడి ఉన్నాడు. మొహం వాడిపోయి ఉంది.

"ఏందన్నా, గక్కడనే నిలబడ్డవ్?" అన్నాను.

"దగ్గరికి రాకు చెల్లె. మా పాలోళ్ల పెద్దనాయిన పోయిండు. ఇంకా పదో దినం కాలె. పూజకు పోయే సామాను నేను ముట్టొద్దు. తాళంచెయ్యి గా కిటికీల పెట్టిన, నువ్వే తీసుకో."

నేనే బీరువా తెరిచి డబ్బాలన్నీ ఒక పెట్టెలో సర్దుకున్నాను. నెలాఖరువి, వారాలవి అన్నీ ఉన్నాయి. పోయిన శనివారం ఇచ్చినది మాత్రం కనపడలేదు. అడిగితే యాదన్న తల గోక్కున్నాడు. ఆ శనివారం తొందరలో నేను బీరువా తెరవకుండా డబ్బా ఆయన చేతికే ఇచ్చి వెళ్లాను, వెళ్లగానే ఊరి నుంచి చావు కబురు వచ్చిందట. బీరువా తెరిచే తీరిక లేక తన గదిలోనే పెట్టి పరుగెత్తాడట.

"అది మైల ఇంట్ల ఉన్నది చెల్లె. అది పూజకు రాదు. పండుగ అయినంక తీస్కపో."

సారుకు ఫోన్ చేశాను. ఆయన "మైల ఇంటి వస్తువు పూజలోకి ఎందుకులెండి, తర్వాత తెచ్చుకుందాం" అన్నారు. నాకూ అదే సబబనిపించింది.

వ్యాన్ నడిపే గౌస్ భాయ్ నా ఒళ్లోని పెట్టెను అద్దంలో చూశాడు. "ఏందక్కా, ఎప్పుడూ ఒక్కరే వస్తుండె, ఇయ్యాల ఖాందాన్ మొత్తం ఒక్క బండిల ఎక్కిన్రు. షాదీకా?" అన్నాడు.

నేను నవ్వాను. చాలాసేపు నవ్వుకుంటూనే వచ్చాను. జరగబోయేదంతా ఆ మాటలోనే ఉంది, నాకు వినపడలేదు.

పూజ బాగా జరిగింది. రాక్ ముందు నేల మీద పీట వేసి, కొత్త ఎర్రగుడ్డ పరిచి, కంది డబ్బాలు, మా సేఫ్‌లోని డబ్బాలు అన్నీ వరుసగా పెట్టాం. ఒక్కొక్కదానికీ శారద మేడం తన వేలితో పసుపు రాసి కుంకుమ పెట్టారు. తన మూర్ఛమందు తాజా లెక్కలు ఏ డబ్బాలో ఉన్నాయో అడిగి, దాని మీద పువ్వు ఎక్కువ పెట్టారు. పులిహోర పంచుకున్నాం. ఇళ్లకు బయలుదేరేముందు, వీటిని సేఫ్‌లో పెట్టేయమంటారా అని సారును అడిగాను.

"వద్దండి. పూజలో పెట్టిన ఆయుధాన్ని తెల్లారేదాకా కదపకూడదు" అన్నారాయన.

మా ఇంట్లోనూ అంతే. కొడవలి, నాగలి కర్రు నవమి నాడు పీట ఎక్కితే దశమి పొద్దున దాకా ఎవరూ ముట్టరు. ఆ మాటలో ఆంధ్రా లేదు, తెలంగాణా లేదు. తాళం వేసి వెళ్లిపోయాం.

ఆ రాత్రి కురిసిన వాన మా వైపు అందరికీ గుర్తుంటుంది. దసరా నాడు పొద్దున పిండి కలుపుతుంటే సెక్యూరిటీ నుంచి ఫోన్ వచ్చింది. వాగు పొంగి వెనక గోడ కూలిందని, ఆఫీసు బ్లాకులోకి నీళ్లు వచ్చాయని. పిండి చేతులతోనే బయలుదేరాను. రోడ్డు మీద మోకాలి లోతు నీళ్లు. అవి వాన నీళ్ల రంగులో లేవు. కంపెనీల మురుగు కలిసి, మీద నురగ తేలుతూ, ముక్కు మండించే వాసన వస్తోంది.

సర్వర్ గది కింది అంతస్తులోనే ఉంది. రాక్‌లు చాలా బరువు, పైకి ఎక్కిస్తే కప్పు మోయలేదని అలా పెట్టారు. సెక్యూరిటీ వాళ్లు మెయిన్ కరెంటు తీసేసి తలుపు తెరిచారు. ఎప్పుడూ చలితో, ఫ్యాన్ల హోరుతో ఉండే గది. ఆ రోజు ఏ చప్పుడూ లేదు. నడుము కింది దాకా నల్లటి నీళ్లు. రాక్‌లో బరువైనవి కింది అరల్లో పెట్టడం పద్ధతి. సర్వర్ రాతలన్నీ దాచుకునే స్టోరేజ్ పెట్టె అన్నిటికంటే బరువు. అది మునిగిపోయి ఉంది.

నీళ్ల మీద బంతిపూలు తేలుతున్నాయి. వాటి మధ్య నా డబ్బాలు తేలుతున్నాయి.

అన్నీ కాదు. కొన్ని తేలుతున్నాయి, కొన్ని అడుగున ఉన్నాయి. పీట తిరగబడి ఒక మూలకు కొట్టుకుపోయింది. ఎర్రగుడ్డ రాక్ కాలికి చుట్టుకుంది. నేను నీళ్లలోకి దిగి ఒక డబ్బా పట్టుకున్నాను. పై మూత సందులోంచి నీరు కారింది. దాని మీద నేను రాసిన చీటీ ఉంది కానీ రాత లేదు. సిరా మొత్తం కరిగి నీలం మరక మిగిలింది. ఇంకొకటి తీశాను, అదీ అంతే. చదువు రాని రోజుల్లో ఏ కాగితం చూసినా నాకెలా కనిపించేదో, నా చేతి రాతే నాకు అలా కనిపించింది. ఏది ఏ వారానిదో చెప్పలేకపోయాను.

సారు వచ్చేసరికి నేను అక్కడే నిలబడి ఉన్నానట. ఆయన పండుగ బట్టల్లోనే వచ్చారు. కొత్త తెల్లచొక్కాతో నీళ్లలోకి దిగి, డబ్బాలను చూసి, రాక్‌ను చూసి, మళ్లీ డబ్బాలను చూశారు. ఆయన ముఖంలో నేను చూసింది భయం కాదు, బాధ కూడా కాదు. లెక్క ఎంత కూడినా తప్పే వస్తున్నవాడి ముఖం అది. అప్పుడు నాకు అర్థమైంది. సర్వర్ మునిగినందుకు కాదు ఆయన అలా అయిపోయింది. సర్వర్ మునుగుతుందని, కాలిపోతుందని, దొంగలెత్తుకుపోతారని అన్నీ ముందే అనుకుని కదా మేం ఇన్నేళ్లు డబ్బాలు కందికి మోసింది. ఆ రోజు కోసమే ఆ పని. ఆ రోజు వచ్చేసరికి కందిలో ఏమీ లేకుండా మేమే చేసుకున్నాం, పూలు పెట్టి మరీ.

శారద మేడం సంగారెడ్డి నుంచి వచ్చేసరికి మధ్యాహ్నం కావొచ్చింది. ఆమె ఛాంబర్లు మేడ మీద, జనరేటర్ మీద నడుస్తూనే ఉన్నాయి. మందు భద్రంగా ఉంది. ఆ మందు మూడేళ్లలో ఎలా ఉందో చెప్పే రాతే లేదు. సారు ఆమెకు మొత్తం చెప్పారు, ఏదీ దాచలేదు. టేపులు ఆరబెట్టకుండా అలాగే కట్టి పంపితే శుభ్రం చేసి చూసే వాళ్లున్నారని, కానీ ఇది మామూలు నీరు కాదు కాబట్టి మాట ఇవ్వలేమన్నారని, నెలలు పట్టొచ్చని. మేడం మెట్ల మీద కూర్చుండిపోయారు. ఆమె వేలికి నిన్నటి పసుపు ఇంకా ఉంది.

"సర్వర్ మళ్ల కొంటరు సార్. మిషిన్లు కొంటరు. మూడేండ్లు ఎక్కడ కొంటరు?" అన్నారామె.

సారూ, నేనూ ఆ మెట్ల మీదే ఆమె పక్కన కూర్చున్నాం. కొత్త బ్లాకు పిల్లలు కొందరు వచ్చి గోడ అవతల నిలబడి చూస్తున్నారు. చేతుల్లో జమ్మి ఆకు ఉంది, పెద్దవాళ్లకిచ్చి దండం పెట్టడానికి తెచ్చుకున్నది. మా ముఖాలు చూసి లోపలికి రాలేదు.

అప్పుడు నా ఫోన్ మోగింది. యాదన్న. మాట్లాడే ఓపిక లేక స్పీకర్ మీద పెట్టి ఒళ్లో పడేశాను.

"చెల్లె, పండుగ పూట ఏమనుకోకు. గా డబ్బా ఎప్పుడు తీస్కపోతవ్? కంపెనీ సామాను మైల ఇంట్ల పెట్టుకోవాలంటే గుండె దడదడ అంటున్నది. మీ వదినె నన్ను తిట్టవట్టె."

ముగ్గురం ఫోన్ వైపు చూశాం. అంతే, చూశాం. నిన్న నేనే చూశాను ఆ డబ్బా లేదని, నేనే ఫోన్ చేశాను, సారే వద్దన్నారు. ఒక రాత్రి గడిచేసరికి ఇద్దరి తలల్లోంచీ అది పూర్తిగా తుడిచిపెట్టుకుపోయింది. మా లెక్కలో అది పూజకు రాని వస్తువు. పూజకు రానిది మాకు అసలు లేనట్టే అయిపోయింది.

"హలో, చెల్లె? ఉన్నవా?"

"ఉన్న అన్నా" అన్నాను. "తడిసిందా అది?"

"ఎందుకు తడుస్తది? రేకులు కురుస్తున్నయని బియ్యం డ్రమ్ముల పెట్టి మూత బిగించిన. ఇంట్ల తడవని జాగ గదొక్కటే."

గౌస్ భాయ్ పండుగ సెలవులో ఉన్నాడు. సారు కారులోనే పోయాం. రుద్రారం దాటేసరికి రోడ్డు నీళ్లలోంచి బయటపడింది. సంతోషం వచ్చిందని అనుకోవచ్చు మీరు. రాలేదు. ఆ డబ్బా చదవడానికి వస్తుందో రాదో తెలియదు. పొయ్యి పొగ, ఉక్క, బియ్యప్పిండి. మా సర్వర్ గదిలో వేడి కొంచెం పెరిగితేనే గంట మోగేది. ఆ డబ్బా వారం నుంచి రేకుల గదిలో ఉంది.

యాదన్న గది బయట నిలబడి ఉన్నాడు. లోపలికి పోయి డబ్బా తెచ్చి, ఎవరి చేతికీ ఇవ్వకుండా గట్టు మీద పెట్టి పక్కకు జరగబోయాడు. సారు చేయి చాచారు. సారు ఇంటి ఆచారం నాకు తెలుసు. మంచినీళ్లు కూడా మడి కట్టుకునే తాగే అమ్మ కడుపున పుట్టిన మనిషి. పైగా విజయదశమి.

"వద్దు సార్, మైల. మీకంటుతది" అన్నాడు యాదన్న.

"అంటితే అంటనీ యాదగిరీ. ఇటివ్వు."

రెండు చేతులతో తీసుకున్నారు. మూత తీసి చూశారు. చీటీ మీద నా అక్షరాలు స్పష్టంగా ఉన్నాయి. నాలుగు బియ్యపు గింజలు మూతలోంచి రాలాయి. యాదన్నకు ఏం జరిగిందో మేం చెప్పలేదు, చెప్పగల స్థితిలో లేము. ఆయన మా ముగ్గురినీ మార్చి మార్చి చూసి, "మంచిగనే ఉన్నరా సారూ? ఎవరన్నా పోయిన్రా?" అని అడిగాడు.

మా డ్రైవ్ కూడా మునిగింది కాబట్టి హైదరాబాద్ నుంచి సర్వీసు ఇంజినీరు ఇంకొకటి తెచ్చి, మేడ మీద శారద మేడం ల్యాబ్‌లో బిగించే దాకా ఆగాం. బిగించాక డబ్బా నేనే పెట్టాను. అది నా పని కాబట్టి ఎవరూ అడ్డు రాలేదు. డ్రైవ్ దాన్ని లోపలికి లాక్కుని, కాసేపు గరగరమని, బయటికి నెట్టేసింది. మేడం కళ్లు మూసుకున్నారు. ఇంజినీరు డ్రైవ్‌లో టేపును చదివే తలను శుభ్రం చేసి మళ్లీ పెట్టమన్నాడు. ఈసారి ఉంచుకుంది.

టేపు నుంచి డేటాను వెనక్కి తెచ్చుకోవడాన్ని రిస్టోర్ అంటారు. అన్నేళ్లుగా నకళ్లు తీశానే కానీ పూర్తి రిస్టోర్ నా కళ్లతో నేను చూడలేదు. ఆ అవసరం ఎప్పుడూ రాలేదు. అప్పుడప్పుడు ఒక ఫైలు తెచ్చి చూసేవారు, బాగుందనుకునేవారు. అంటే అంతకాలం నేను దాచింది విత్తనమో తాలో మొలకెత్తించి చూసినవాళ్లెవరూ లేరు. తెర మీద ఫోల్డర్ పేర్లు ఒక్కొక్కటిగా రావడం మొదలయ్యాక గానీ ఆ సంగతి నాకు తట్టలేదు.

మేడం తన ఫైలు తెరిచారు. మొట్టమొదటి పరీక్ష లెక్క, మూడేళ్ల కిందటిది, గీతలు గీతలుగా తెర మీదికి వచ్చింది. తర్వాతది. ఆ తర్వాతది. చాలాసేపు చూసి, అద్దాలు తీసి, "ఉన్నది" అన్నారు.

మొత్తం రాలేదు. ఆ శనివారం తర్వాతి రోజుల లెక్కలు పోయాయి. వాటిలో మూర్ఛమందు పరీక్ష లేకపోవడం మా అదృష్టం. పోయినవి పోయాయని, ఎలా పోయాయో కూడా, సారు, మేడం కలిసి రాసి సంతకాలు పెట్టి కొనేవాళ్లకు పంపారు. పూజ అన్న మాట కూడా అందులో రాశారు. దానికి వాళ్లు చాలా ప్రశ్నలు వేశారు. కొత్త బ్లాకు కొంత ఆలస్యంగానైనా నడిచింది. తడిసిన డబ్బాలు శుభ్రం చేయడానికి పోయాయి. ఒకటో రెండో కొంతవరకు చదివించగలిగారని విన్నాను. వాటిలో మేడం పువ్వు ఎక్కువ పెట్టిన డబ్బా లేదు.

ఇప్పుడు మా సర్వర్ గది మేడ మీద ఉంది, కప్పుకు ఇనుప దూలాలు వేయించి. నకళ్లు టేపుతో పాటు నెట్ ద్వారా వేరే ఊరికి కూడా పోతున్నాయి. కొన్ని నెలలకోసారి ఒక డబ్బాను తెచ్చి, ఖాళీ మిషన్ మీద మొత్తం రిస్టోర్ చేసి చూస్తాం. తిరిగి తెచ్చి చూడని నకలు నకలు కాదు. కొత్తగా చేరినవాళ్లకు ఈ మాట నేనే చెబుతాను. కానీ ఆ దసరా నాకు నేర్పింది అంతకంటే లోపలిది. మాకు నియమం తెలియక కాదు. ముగ్గురికీ కంఠతా వచ్చు. మామూలు శనివారం ఎవరైనా వచ్చి, కందివన్నీ ఇక్కడికి తెచ్చి నేల మీద పెట్టి ఇళ్లకు పోదాం అంటే ముగ్గురం కలిసి కొట్టేవాళ్లం. అది పని అయితే ఎవరో ఒకరం ఆపేవాళ్లం. మేం దాన్ని పని అనుకోలేదు, పండుగ అనుకున్నాం. మంచి మనసుతో చేసేదానికి ఎవరూ అడ్డు చెప్పరు. అందుకే దాని వల్ల వచ్చే నష్టానికీ అడ్డు ఉండదు.

మమ్మల్ని కాపాడింది మా తెలివి కాదు. మేం ఎన్నడూ చూడని ఒక పెద్దాయన చావు, ఒక బియ్యం డ్రమ్ము. ఈ సంగతి ఎన్నిసార్లు చెప్పుకున్నా నాకు అలవాటు కాలేదు.

యాదన్నకు సంగతి తెలిసింది వాళ్ల పదో దినం అయ్యాక. "మరి గసొంటిదాన్ని నేను బియ్యం డ్రమ్ముల పెట్టి, గా బియ్యంతోనే అన్నం వండుకున్ననా?" అన్నాడు. మరుసటి ఏడు ఆయుధపూజకు ముందు సారే కందికి పోయి, పసుపు కుంకుమ, బంతిపూలు ఆయన చేతికిచ్చి వచ్చారు. అప్పటి నుంచి కంది బీరువాకు పూజ యాదన్నే చేస్తాడు, అక్కడే. మాది మేం చేసుకుంటాం, ఇక్కడే. పూజ అయ్యాక ఇద్దరం ఫోన్‌లో పులిహోర ఎట్లుందో చెప్పుకుంటాం. ఆ రోజు కందికీ మాకూ మధ్య బండి తిరగదు.